వెనక్కి తీసుకోని బొట్టు

పొద్దున తొమ్మిది గంటల పది నిమిషాలకు మా అవ్వ కుంకుమ భరిణె పట్టుకొని ఇల్లు దాటింది. ఆ సమయం మా అమ్మ చెప్పినది. జొన్నరొట్టె పెనం మీద వేసి తలెత్తితే నడిమింటి గడియారంలో ముల్లు అక్కడ ఉందట. ఈ సంగతి ఎప్పుడు చెప్పినా అమ్మ ఆ సమయంతోనే మొదలుపెట్టేది. "గంత సక్కగ ఎట్ల యాదికుందమ్మా?" అని అడిగితే, "రొట్టె మాడింది గద" అనేది.

అమ్మ పోయి ఏడాది కావస్తోంది. చివరి రోజు దాకా ఆమెకు అన్నీ గుర్తున్నాయి. పక్కింటివాళ్ల ఆవు ఏ వానలో ఈనిందో కూడా గుర్తుంది. ఆమె చెప్పగా విన్నదీ, చిన్నప్పుడు నేను చూసినదీ కలిపి రాస్తున్నాను. ఆ రెండూ ఎక్కడ అతుక్కున్నాయో ఇప్పుడు విడదీయలేను. విడదీయాలని కూడా లేదు.

మా ఊరు పాలమూరు జిల్లాలో ఉంది. ఆత్మకూరుకు ఎడ్లబండి మీద ఒక పూట దారి. అవి నిజాం రాజ్యం చివరి రోజులు. చివరి రోజులని అప్పుడు ఎవరికీ తెలియదు. ఇంట్లో తాత, అవ్వ, బాపు, అమ్మ, నేను. తాత తహసీలు కచేరీలో రాతపని చేసి, వజీఫా, అంటే పింఛను, తీసుకొని ఇంటికి వచ్చినవాడు. ఉర్దూ బాగా చదివేవాడు, ఫారసీ కొంత వచ్చు. ఊరివాళ్లు మున్షీ సాబ్ అని పిలిచేవాళ్లు. నడిమింటి గోడగడియారం ఆయన తెచ్చిందే. కచేరీకి శుక్రవారం సెలవు కాబట్టి, ప్రతి శుక్రవారం దానికి చావి ఇవ్వడం ఆయన పని. అవ్వకు చదువు లేదు. గడియారం కొట్టే దెబ్బలు కూడా ఆమె ఎప్పుడూ లెక్కపెట్టలేదు. నీడ చూసి పని చేసుకునేది.

అప్పటికి ఏడాదిగా అవ్వకు మరపు వస్తోంది. దాన్ని ఎవరూ వెతికి కనిపెట్టలేదు. అదే బయటపడింది. పులుసులో ఉప్పు రెండుసార్లు పడింది. తోడు వేసిన పాలను మళ్లీ పొయ్యి మీద పెట్టింది. పాలు పిండడం మరిచిపోతే, దూడ అరుపు ఎద్దులు మేస్తున్న చోటు దాకా వినిపించింది. ఆడమనిషి మరపు ఆ రోజు మధ్యాహ్నానికే కంచంలోకి వస్తుంది. అందరూ తిని చూస్తారు.

బాపు ఆమెను ఆత్మకూరులో ఒక హకీం దగ్గరికి తీసుకెళ్లాడు. తోడుగా తాత వెళ్లాడు. బండిలో ఖాళీ ఉందని నన్నూ ఎక్కించారు. హకీం మంచి మనిషి. అవ్వ నాడి చూసి, నెమ్మదిగా కొన్ని ప్రశ్నలు అడిగాడు. ఇది ఏ సంవత్సరం? ఈ సుబాకు పెద్ద అధికారి ఎవరు? ఇవాళ ఏ తారీఖు? అవ్వ తల వంచుకొని కూర్చుంది. ఆమె మరిచిపోయిందని హకీం అనుకున్నాడు. ఆ మాటలు ఆమెకు ఎన్నడూ తెలియవు. జొన్న ఎప్పుడు విత్తాలో, చలికాలం ఎండుకట్టె ఎక్కడ దాచాలో అడిగితే ఏమైనా చెప్పేదేమో. ఆ ప్రశ్నలు హకీంకు తెలియవు.

పక్కన కూర్చున్న తాత అన్నింటికీ తడుముకోకుండా జవాబులు చెప్పాడు. కచేరీ లెక్కల్లో రాసే ఫసలీ సంవత్సరం ఇదీ అని గట్టిగా చెప్పాడు. హకీం హిజ్రీ లెక్కలో బతికే మనిషి. ఫసలీ లెక్క తెలియక సరే అన్నట్టు తల ఊపాడు. "మీ నాన్నగారి దిమాగు చూడు, ఎంత పదునుగా ఉందో" అని బాపుతో అన్నాడు. వచ్చేటప్పుడు బండిలో తాత సంతోషంగా ఉన్నాడు. అవ్వ నా జుట్టుకు చిక్కు తీస్తూ కూర్చుంది.

ఆ తర్వాత ఒకరోజు అవ్వ నీళ్లకని దిగుడుబావికి వెళ్లి ఇంటికి రాలేదు. బిందె బావి మెట్ల మీదే ఉంది. బాపు ముందు బావిలోకి చూశాడు. తర్వాత పరుగెత్తాడు. పొలిమేర దగ్గర కంది చేలో, ఎవరినో పిలుస్తున్నట్టు నిలబడి కనిపించిందట. ఆ వారంలోనే బాపు వడ్రంగం చేసే వడ్లాయనను పిలిచి, అవ్వ పడుకునే అర్ర తలుపుకు బయటివైపు గొళ్లెం పెట్టించాడు. పెట్టించాడు గానీ వేయలేదు. బాపు కఠినుడు కాడు. ఆ బిందె ఒక్కటే మెట్ల మీద కనిపించిన క్షణం ఆయనను వదల్లేదు. గొళ్లెం వేసిన అర్రలో తల్లి ఉంటుంది. వేయకపోతే బావి ఉంది. ఈ రెండింటి మధ్య ఆయన చాలా రోజులు నిలబడ్డాడు.

ఆ పొద్దున అవ్వ తలకు నూనె రాసుకొని, పెట్టెలో చీర తీసి కట్టుకొని బయలుదేరింది. ఎదురింటికే పోతోందని అమ్మ అనుకుంది. ఎదురింట్లో దూదేకుల పెద్దవ్వ ఉండేది. అవ్వ కంటే పెద్దది. ఊరూరూ తిరిగి దూది ఏకి, పరుపులు కుట్టి బతికిన మనిషి. కాళ్లు పడిపోయాక ఇంట్లోనే కూర్చుంది.

అవ్వ మధ్యాహ్నం వేళకు తిరిగి వచ్చింది. భరిణెలో కుంకుమ అడుగంటింది. ముఖం కళకళలాడుతోంది.

"ఒక్క ఇల్లు ఇడువలే. అందరికి బొట్టు పెట్టి వచ్చిన. రేపు పొద్దెక్కినంక పసుపు దంచుడు. రోకండ్లు తెచ్చుకొమ్మన్న" అంది.

"ఎవరి పెండ్లత్తా?" అంది అమ్మ.

"ఎవరి పెండ్లేందే? నీ ఆడిబిడ్డది. పసుపు కొమ్ములు ఎండకు పెట్టినవా?"

అమ్మ ఆడిబిడ్డ అంటే బాపు చెల్లెలు. నా మేనత్త. నేను పుట్టకముందే, పెళ్లయిన మరుసటి ఏడు, తొలి కాన్పుకు పుట్టింటికి వచ్చి, ఆ కాన్పులోనే చనిపోయింది. మా ఇంట్లో ఆమె మాట ఎత్తేవాళ్లు కాదు. నాకు ఒక అత్త ఉండేదని ఆ మధ్యాహ్నమే తెలిసింది.

పసుపు దంచడం మా దిక్కు పెళ్లికి మొదటి పని. పెళ్లింటి పెద్ద ముత్తైదువ ఇంటింటికీ వెళ్లి బొట్టు పెట్టి పిలుస్తుంది. పిలిచిన ఇంటి ఆడవాళ్లు ఎవరి రోకలి వాళ్లు తెచ్చుకొని, పెళ్లింటి వాకిట్లో అందరూ కలిసి కొమ్ములు దంచుతారు. ఆ పసుపే పెళ్లి అయ్యేదాకా వాడాలి. పిలిచే వరుస ఒకటి ఉంటుంది. ఎవరి ఇల్లు ముందు, ఎవరి ఇల్లు తర్వాత అనేది తప్పితే అలకలు ఏళ్ల తరబడి నడుస్తాయి. ఉప్పు వేసింది గుర్తులేని అవ్వ ఆ వరుస తప్పలేదని మాకు తర్వాత తెలిసింది. ఒక ఇంట్లో ముసలామె పోయి చాలా కాలమైంది. అవ్వ ఆ ఇంటికీ వెళ్లి, కోడలికి బొట్టు పెట్టి, "మీ అత్తకు గూడ పెట్టాలె, ఏదీ?" అందట. కోడలు ఒక్క క్షణం ఆగి, "బాయికాడికి పోయిందమ్మా. వస్తే నేను పెడుత" అని అత్త కోసం కూడా కుంకుమ అరచేతిలో పట్టుకుందట.

బాపు అన్నానికి వచ్చాడు. విన్నాడు. కంచం ముందునుంచి లేచాడు.

"ఊరంత నవ్వుతది. నవ్వితే నవ్వని. ఇయ్యాల ఇల్లిల్లు తిరిగింది. రేపు ఇంకెటు పోతది? ఆ బావిల పడితే ఎవడు చూస్తడు?"

అమ్మ కంచం పక్కకు జరిపింది.

"నువ్వు ఇయ్యాల్నే పో. అందరింటికి పోయి రావొద్దని చెప్పు. రేపట్నుంచి అర్రకు గొళ్లెం వేస్త. ఇగ నాకేం చెప్పకు."

అమ్మ కొంగు సర్దుకొని బయలుదేరింది. మొదట ఎదురింటికే వెళ్లింది. నేను వెంట వెళ్లాను. దూదేకుల పెద్దవ్వ చాప మీద కూర్చొని దూదిలో గింజలు ఏరుతోంది. పక్కన తమలపాకు ఉంది. ఆమెకు అవ్వ బొట్టుకు బదులు తమలపాకు ఇచ్చి పిలిచేది. అది వాళ్లిద్దరి మధ్య పాత పద్ధతి.

"పెద్దమ్మా, రేపు పసుపు దంచుడు లేదు" అంది అమ్మ.

"ఎందుకు లేదు?"

బొట్టు పెట్టి పిలిచిన పిలుపును వెనక్కి తీసుకోవడానికి మా దగ్గర ఒకటే దారి. ఇంట్లో చావు జరిగిందని చెప్పాలి. వేరే మాట ఏదీ చెల్లదు.

"ఏమని చెప్తవే కోడలా? పిల్ల సచ్చిపోయిందని చెప్తవా? ఇల్లిల్లు తిరిగి ఇప్పుడు చెప్తవా? ఊరికి తెల్వదా? తెలిసే బొట్టు పెట్టించుకున్నరు."

"ఆయన గొళ్లెం వేస్తనంటున్నడు, పెద్దమ్మా."

"వేసేటోడు వేస్తడు. రేపు వేసేది రేపు. నా రోకలి ఆ మూలకుంది చూడు. పొద్దుగాల ఎవరినన్న తోలు. రోకలిని మోసుకపోయినట్టె నన్ను గూడ మోసుకపొమ్మను."

అమ్మ మరో ఇంటికి వెళ్లలేదు. వచ్చి పసుపు కొమ్ములు ఎండకు పెట్టింది.

మరునాడు ఎండ వాకిట్లోకి దిగాక ఆడవాళ్లు వచ్చారు. భుజాన రోకండ్లు వేసుకొని, వీధి మలుపులో ఒకరి వెనక ఒకరు వస్తుంటే నేను అరుగు మీదినుంచి చూశాను. పిలిచిన ఇళ్లలో రాని ఇల్లు లేదు. దూదేకుల పెద్దవ్వను ఇద్దరు రెక్కలు పట్టి తెచ్చి, గోడకు ఆనించి కూర్చోబెట్టారు. బాపు ఎవరికీ కనపడకుండా కొట్టంలోకి వెళ్లి నాగలి చెక్కుతున్నట్టు కూర్చున్నాడు. తాత ఎప్పటిలాగే అరుగు మీద చాపలో, కళ్లద్దాలు పెట్టుకొని, ఉర్దూ కాగితం ముందేసుకొని ఉన్నాడు.

అవ్వ రోలుకు పసుపు రాసి బొట్టు పెట్టింది. మొదటి రోకలికి పసుపు దారం కట్టి, దారంలో తమలపాకు దోపింది. ఐదు దెబ్బలు తాను వేసి పక్కకు జరిగింది. దంచడం మొదలైంది. పాటలు మొదలయ్యాయి. మాటలూ మొదలయ్యాయి.

"ఏం పిల్లా, రోకలి లేస్తలేదు? మొగడు అన్నం పెడ్తలేడా?"

"పెడ్తడక్కా. నీ మొగని లెక్క కొలిచి పెట్టడు."

"ఓ మున్షీ సాబ్! పెండ్లికి బూందీనా, లడ్డూనా?"

"చూద్దాం, ఆలోచన చేద్దాం" అన్నాడు తాత, కాగితం మీదినుంచి కళ్లెత్తకుండా. అందరూ నవ్వారు. అది ఆయన మాట. భూమి తగాదా అయినా, బాకీ గొడవ అయినా, అన్నదమ్ముల పంపకం అయినా, ఎవరు వచ్చి అడిగినా "చూద్దాం, ఆలోచన చేద్దాం, కానూన్ల ఒక రాస్తా ఉంటది" అనేవాడు. వినేవాడు తనకు కావలసిన దారి ఆ మాటలో విని, సంతోషంగా వెళ్లిపోయేవాడు.

పెద్దవ్వ అవ్వను పిలిచి పక్కన కూర్చోబెట్టుకుంది.

"నీకు తలకాయ పాయె, నాకు కాళ్లు పాయె. ఇద్దరం కలిస్తే ఒక మనిషి అయితమే."

"నీ కాళ్లకేమైంది? మొన్న ఆత్మకూరు అంగడికి పోతివి గద" అంది అవ్వ.

"పోతి, పోతి. నీకు గాజులు తెస్తి. ఏవీ, పగులగొట్టుకున్నవా?"

అవ్వ చేతులు చూసుకుంది. గాజులు ఉన్నాయి. ఇద్దరూ నవ్వుకున్నారు.

ఇట్లా అయిపోయేదే. అయితే ఆ ఏడే మా వీధికి కాపురానికి వచ్చిన ఒక చిన్న కోడలు అక్కడ ఉంది. ఆమెకు ఏమీ తెలియదు. చెప్పాలని ఎవరికీ తోచలేదు. ఆమె రోకలి దించి, చెమట తుడుచుకొని, మామూలుగా అడిగింది.

"పెండ్లిపిల్ల ఏదమ్మా? బయటికి రాదా?"

రోకండ్లు ఆగిపోయాయి. అవ్వ లేచి నిలబడింది. నడిమింటి వైపు చూసింది. ఒక్కొక్క ముఖం చూసింది. ఎవరూ ఆమె కళ్లలోకి చూడలేదు. అమ్మ దగ్గరికి వచ్చి, చెయ్యి పట్టుకొని, చిన్న గొంతుతో అడిగింది.

"ఏదే? పిల్ల ఏదే?"

కొట్టంలో నాగలి చప్పుడు ఆగిపోయింది.

అప్పుడు అరుగు మీదినుంచి తాత గొంతు వచ్చింది.

"ఏందా తొందర? పిల్ల లోపట తలకు పోసుకుంటున్నది. మీరు దంచుండ్రి."

అవ్వ ముఖం తేటపడింది. "గంతేనా! నేనొకదాన్ని" అని కూర్చుంది. ఎవరో ముక్కు చీదుకున్నారు. "సదువుకున్న మనిషి సదువుకున్న మనిషే. ఎట్ల సర్దిండు చూడు" అంది ఒకామె. "ముసలోడైనా పెండ్లాం మాట కింద పడనియ్యడు" అంది ఇంకొకామె. రోకండ్లు మళ్లీ లేచాయి.

బాపు కొట్టంలోనుంచి బయటికి వచ్చాడు. ఆయన కళ్లు తడిగా ఉన్నాయి. తండ్రి చేసిన మంచితనం తాను చేయలేకపోయానని అనుకున్నాడేమో. అరుగు దగ్గరికి వెళ్లి నిలబడ్డాడు.

"అరే, ఇటు రా" అన్నాడు తాత. "నీ చెల్లె మట్టెలు తెచ్చినవా?"

"తెస్త నాయినా" అన్నాడు బాపు, నవ్వుతూ.

"ఎప్పుడు తెస్తవు? కంసాలికి ఇచ్చి ఎన్నాళ్లాయె? రేపు పీటల మీద కూర్చున్నంక మట్టెలు లేకుంటె వియ్యంకుని ముందట నా ఇజ్జత్ ఏం గావాలె?"

"తెస్త నాయినా. ఫికర్ చెయ్యకు."

"నువ్వు తేవు. నేనే పోత. బండి కట్టు." తాత కళ్లద్దాలు తీసి, రుమాలు తలకు చుట్టుకోవడం మొదలుపెట్టాడు. చెప్పుల కోసం కాళ్లతో తడిమాడు. రుమాలు ఒకవైపు జారిపోయింది.

బాపు వంగి మెల్లగా అన్నాడు. "ఇగ చాలు నాయినా. అవ్వ నమ్మింది."

"ఏం చాలు? ఏం నమ్ముడు? పెండ్లి పెట్టుకొని నవ్వులాటనా నీకు? బండి కట్టుమంటే కట్టవేందిరా?"

తాతకు నిజంగా కోపం వచ్చింది. కళ్లలో భయం కూడా ఉంది, మట్టెలు అందకపోతే పెళ్లి ఆగిపోతుందేమోనన్న తండ్రి భయం. బాపు ఆ ముఖం చూశాడు. తర్వాత అరుగు మెట్టు మీద కూర్చున్నాడు. తండ్రి చెప్పులు అందుకొని ఆయన కాళ్ల దగ్గర పెట్టాడు. ఒకటి తొడిగాడు.

"కడుత నాయినా. ఎద్దులు నీళ్లు తాగుతున్నయి. తాగంగనే కడుత."

"ఆ. గట్ల చెప్పు" అన్నాడు తాత. రెండో చెప్పు తొడగక ముందే కాగితం మళ్లీ చేతిలోకి తీసుకున్నాడు. కాగితం తలకిందులుగా ఉంది. అది నేను చూశాను. బాపు కూడా చూశాడు.

ఆయన లేచి ఇంట్లోకి వచ్చాడు. అమ్మ నీళ్ల కడవ దగ్గర ఉంది.

"ఎప్పట్నుంచి?" అన్నాడు.

"అవ్వ కంటె ముందు నుంచే."

"నాకెందుకు చెప్పకపోతివి?"

"చెప్తే ఏం చేద్దువు? ఆయనకు గూడ గొళ్లెం వేద్దువా?"

అమ్మ కడవ నెత్తిన పెట్టుకొని ఆడవాళ్లకు నీళ్లు ఇవ్వడానికి వెళ్లింది.

తర్వాత, నేను పెద్దయ్యాక, అమ్మ మిగతాది చెప్పింది. గడియారానికి చావి చాలా కాలంగా ఆమే ఇస్తోంది. తాత శుక్రవారం మరిచిపోయేవాడు. మరికొన్నిసార్లు రోజూ ఇచ్చేవాడు. చావి ఆమె ఉప్పు కుండ వెనక దాచింది. కోడళ్లు మామతో నేరుగా మాట్లాడని కాలం అది. ఎవరైనా తాతను చూడడానికి వస్తే, అమ్మ తలుపు చాటునుంచి గోడతో మాట్లాడుతున్నట్టు పైకి అనేది: "ఆత్మకూరు మామ వచ్చిండు. పోయినేడు బిడ్డ పెండ్లి చేసిండు. నడుం నొప్పట." తాత ఆ మాటలు అందుకొని, "రా మామా, బిడ్డ మంచిగున్నదా? నడుం ఎట్లుంది?" అనేవాడు. వచ్చినవాడు ఆయన జ్ఞాపకశక్తిని ఊరంతా పొగిడేవాడు. హకీం దగ్గర తాత గట్టిగా చెప్పిన ఫసలీ సంవత్సరం సంగతి కూడా నేను చెబితే అమ్మ లెక్క కట్టింది. అది మా మేనత్త పెళ్లి జరిగిన ఏడు.

చదువుకున్నవాళ్లకు, కచేరీల్లో పని చేసినవాళ్లకు మరపు ఆలస్యంగా వస్తుందంటారు. నేనూ అక్కడక్కడ చదివాను. కాదనే తెలివి నాకు లేదు. మా ఇంటిని చూసి మాత్రం, ఆలస్యంగా వస్తుందో ఆలస్యంగా కనిపిస్తుందో చెప్పలేను. తాత చేసే పని ఏదీ కంచంలోకి రాలేదు. ఆయనకు నాలుగు మంచి మాటలు, కళ్లద్దాలు, ఒక కాగితం మిగిలి ఉన్నాయి. వెనక ఒక కోడలు ఉంది. అవ్వ వెనక ఎవరూ లేరు. ఆమే అందరి వెనక ఉండే మనిషి. ఇక దూదేకుల పెద్దవ్వకు అక్షరం రాదు, భర్త లేడు, కాళ్లు లేవు. వాళ్లిద్దరి కంటే పెద్దది. ఆమె తల మాత్రం చివరిదాకా చెక్కు చెదరలేదు. ఎందుకని ఒకసారి అడిగాను. "అందరు నా ఇంట్ల కూసోని అందరి సంగతులు చెప్తరు బిడ్డా. మరిస్తే మల్ల ఎవరు వస్తరు?" అంది. అది కారణమో కాదో నాకు తెలియదు. ఒక ఇంటి నుంచి, ఒక వీధి నుంచి పెద్ద మాట చెప్పడం నాకు ఇష్టం లేదు.

ఆ రోజు దంచిన పసుపు జల్లించాక, వచ్చిన ఆడవాళ్లు తలా పిడికెడు కొంగులో కట్టుకున్నారు. అది కూడా పద్ధతే. అత్త కోసం కుంకుమ పట్టుకున్న కోడలు రెండు పిడికెళ్లు అడిగింది. అవ్వ ఇచ్చింది. చిన్న కోడలిని ఎవరో పక్కకు తీసుకెళ్లి సంగతి చెప్పినట్టున్నారు. ఆమె ఏడ్చుకుంటూ వచ్చి అవ్వ కాళ్లు మొక్కింది. "ఎందుకే ఏడుస్తవు? నీ పెండ్లి గూడ ఐతది" అంది అవ్వ. పెళ్లయిన పిల్ల, ఏడుపులోనే నవ్వింది.

మర్నాడు బాపు వడ్లాయనను మళ్లీ పిలిచాడు. అర్ర తలుపు గొళ్లెం ఊడదీయించాడు. దిగుడుబావి మెట్ల పైన రెండు గుంజలు పాతించి, చెక్క తలుపు ఒకటి పెట్టించి, ఆ గొళ్లెమే దానికి వేయించాడు. నీళ్లకు వచ్చే ఆడవాళ్లు గొణిగారు. తీసి వేసుకోవాలి, చేతిలో బిందె, చంకలో పిల్ల. అయినా వేసేవాళ్లు. వేయకుండా వెళ్లిన మనిషిని నేను చూడలేదు.

అవ్వ ఆ తర్వాత కూడా చాలాసార్లు కుంకుమ భరిణె పట్టుకొని బయలుదేరింది. అమ్మ ఆపేది కాదు. భరిణె నింపి ఇచ్చేది. మొదటి ఇంటామె బొట్టు పెట్టించుకొని, "తప్పకుంట వస్తమమ్మా" అని, చెయ్యి పట్టుకొని రెండో ఇంటి గడప దాకా తెచ్చి దించేది. రెండో ఇంటామె మూడో ఇంటికి. అట్లా ఆమె వీధంతా తిరిగి, చివరి చేతి నుంచి మా అరుగు మీదికి వచ్చేది. పసుపు దంచే రోజు ఎప్పుడని ఎవరూ అడగలేదు. తాత ఆమెను చూసి, "ఎంతమందికి చెప్పినవు?" అనేవాడు. "అందరికి" అనేది. "మంచిది" అనేవాడు. పెళ్లి దగ్గర పడుతున్న ఇంట్లో ఉండే హడావుడి, సంతోషం వాళ్లిద్దరిలో ఉండేవి. ఆ పెళ్లి వాళ్లకు ఎప్పుడూ రేపే. ఆ తర్వాత ఏమి జరిగిందో ఇద్దరూ మరిచిపోయారు. మిగతావాళ్లం ఆ సంగతి గుర్తుపెట్టుకొని, వాళ్ల ముందు ఎత్తకుండా ఉన్నాం.

తాత ముందు పోయాడు. అవ్వకు ఆ సంగతి నిలవదని అమ్మ ఆమె గాజులు తీయనివ్వలేదు. రాజ్యం మారిన ఏడు అవ్వ పోయింది. బండ్ల మీద కుటుంబాలు అటూ ఇటూ తరలిపోతున్న రోజులు. మా వీధిలో సగం ఇళ్లు తాళం వేసి ఉన్నాయి. ఉన్నవాళ్లు వచ్చారు. దూదేకుల పెద్దవ్వను మోసుకొచ్చారు. ఆమె అవ్వ చేతి గాజులు తడిమి, "అన్ని ఉన్నయి" అంది. ఇంకేమీ అనలేదు.

అమ్మ చివరి రోజుల్లో నేను ఆమె దగ్గరే ఉన్నాను. ఏదీ మరవని మనిషికి సేవ చేయడం తేలిక కాదు. ఆమెకు ఒక్కొక్కటీ గుర్తుంది. ఒకరోజు నన్ను పిలిచి, "అవ్వ మరపే మంచిగుండె" అంది. ఎందుకని నేను అడగలేదు. తెలుసు.

ఆమె పోయాక ఇల్లు సర్దుతుంటే మూలన రోకలి కనిపించింది. కింది ఇనుప పొన్ను అరిగిపోయి ఉంది. మా వీధిలో పోయిన నెల ఒక పెళ్లి జరిగింది. పసుపు పొడి అంగట్లో కొన్నారు. పిలుపు అచ్చు కాగితం మీద వచ్చింది. ఇప్పుడు పెళ్లింటికి ఎవరూ రోకలి భుజాన వేసుకొని వెళ్లరు.